లూప్ లేని కోడ్‌ని కంపైలర్ ఎలా స్పీడ్ చేస్తుంది?

మీ ఫోన్‌లోని ఆర్మ్ చిప్‌లో 128 బిట్ల నియాన్ రిజిస్టర్లు ఉంటాయి. ఒక్కోదాంట్లో 32 బిట్ల నంబర్లు నాలుగు పడతాయి. అంటే ఒకే ఇన్‌స్ట్రక్షన్‌తో నాలుగు కూడికలు! లూప్ లేకుండా, వరసగా నాలుగు లైన్లలో కూడికలు రాస్తే? వాటినీ ఒక గుంపుగా కట్టే పద్ధతే ఎస్‌ఎల్‌పీ. 2000లో ఎంఐటీ నుంచి లార్సెన్, అమరసింఘే ప్రతిపాదించారు. ఇప్పుడు ఎల్‌ఎల్‌వీఎమ్‌లోనూ ఉంది.

చిక్కెక్కడంటే, నంబర్లు మెమరీలో పక్కపక్కన లేకపోతే ఒక్కొక్కటే ఏరి రిజిస్టర్‌లో సర్దాలి. ఆ ఖర్చే లాభాన్ని మింగేస్తుంది. కంపైలర్ ముందే లెక్కేసుకుని, నష్టమైతే వదిలేస్తుంది.

మరి మెరుగుపరచడం ఎలా? ఒక లైన్లో ఏ అర్రే ముందు, బీ అర్రే తర్వాత ఉన్నాయి. పక్క లైన్లో తిరగేసి ఉన్నాయి అనుకోండి. కూడికలో అటూఇటూ మార్చినా జవాబు అదే కదా! కంపైలర్ ఏలన్నీ ఒకవైపు, బీలన్నీ మరోవైపు తిప్పితే ఏరే పని పోతుంది. ఇందాక వదిలేసిన కోడే ఇప్పుడు లాభంలోకి వస్తుంది. డౌట్లుంటే కామెంట్ చేయండి!