కంప్యూటర్ తొండి ఆడుతుందా?

వేసవి సెలవులకు వచ్చిన మా మేనల్లుడు గ్రాన్ టురిస్మో 7 వీడియో గేములో సొంతంగా ఒక రేసు తయారుచేసుకున్నాడు. మోంజా ట్రాకు, ఇరవై కార్లు, మూడు ల్యాపులు. ప్రత్యర్థుల స్థాయి 'ప్రొఫెషనల్', రోలింగ్ స్టార్ట్, తను ఆఖరి స్థానం నుంచి మొదలు. మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ ఆరో స్థానమో ఏడో స్థానమో. కంట్రోలర్ సోఫా మీదకి గిరాటేసి, "మావయ్యా, ఇది తొండి! ముందున్నవాణ్ని కంప్యూటరే గెలిపిస్తోంది" అన్నాడు.

నవ్వొచ్చింది గానీ వాణ్ని తప్పుపట్టలేకపోయాను. వాడి వయసులో విజయవాడ నెట్ సెంటర్లో కూర్చుని 'నీడ్ ఫర్ స్పీడ్: మోస్ట్ వాంటెడ్' ఆడుతూ నేనూ అచ్చం ఇదే మాట అన్నాను. కాకపోతే నేనన్నదాంట్లో సగం నిజముంది. వాడన్నదాంట్లో అదీ లేదు. కంప్యూటర్‌తో పోటీపడే కస్టమ్ రేసుల గురించి ఇలాంటి నమ్మకాలు చాలానే తిరుగుతున్నాయి. ఒక్కోటీ విప్పి చూద్దాం. ముందు మావాడి మోంజాతోనే మొదలు.

అపోహ: ఎక్కువ కార్లు పెడితే పోటీ రసవత్తరంగా ఉంటుంది

కాగితం, పెన్సిల్ తెచ్చి వాడి ముందు పెట్టాను. రోలింగ్ స్టార్ట్ అంటే కార్లు ఒకదాని వెనక ఒకటి పరిగెడుతూనే రేసు మొదలవుతుంది. కారుకీ కారుకీ మధ్య రెండు సెకన్ల ఎడం ఉందనుకో. ఇరవయ్యో కారుకీ మొదటి కారుకీ ఎంత? పందొమ్మిది రెళ్లు ముప్ఫైయ్యెనిమిది సెకన్లు. మూడు ల్యాపుల్లో అది పూడ్చాలంటే ల్యాపుకి దాదాపు పన్నెండున్నర సెకన్లు లాగాలి. మోంజా చుట్టు పొడవు 5.793 కిలోమీటర్లు. మంచి రేసుకారుకి ఒక చుట్టు తిరగడానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. అందులో ప్రతిసారీ పన్నెండు సెకన్లకు పైనే మిగల్చాలి, దారిలో పద్దెనిమిది మందిని దాటాలి, ఆపైన ముందున్నవాణ్ని పట్టుకోవాలి. మావాడు ఆరో స్థానానికి రావడమే గొప్ప.

అదే ఎనిమిది కార్లు, ఏడు ల్యాపులు పెడితే? మొత్తం తేడా పద్నాలుగు సెకన్లు, అంటే ల్యాపుకి రెండు. ఇది పోటీ. మొదటిది పోటీ కాదు, తరుముడు. పైగా ఆ పందొమ్మిది మందిలో ఎక్కువమందిని ఒకసారి దాటేశాక మళ్లీ అద్దంలో కూడా చూడం. వాళ్లు ప్రత్యర్థులు కారు, రోడ్డుకి అడ్డం.

రోలింగ్ వద్దని, కార్లు నిలబడిన చోటి నుంచే బయల్దేరే గ్రిడ్ స్టార్ట్ పెడితే ఎడం తగ్గుతుంది, నిజమే. కానీ మోంజాలో పొడవాటి రోడ్డు చివర మొదటి మలుపే చికేన్ అనే ఇరుకైన వంకర. ఇరవై కార్లు ఒక్కసారిగా అక్కడ బ్రేకు వేస్తే ఫ్లైఓవర్ రాకముందు విజయవాడ బెంజి సర్కిల్ గుర్తొస్తుంది.

ల్యాపుల లెక్క కూడా ట్రాకుని బట్టే వేసుకోవాలి. మూడు ల్యాపులంటే సుకుబాలో ఆరు కిలోమీటర్లు, మోంజాలో పదిహేడు. ఒక చుట్టే 20.8 కిలోమీటర్లుండే నూర్‌బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫెలో అరవై రెండు.

అపోహ: కంప్యూటర్ ఎప్పుడూ తొండే ఆడుతుంది

ఇక నా సంగతి. 2005లో వచ్చిన మోస్ట్ వాంటెడ్‌లో మనం ఎంత ముందుకెళ్లినా వెనకవాడు రబ్బరు తాడుతో కట్టినట్టు వచ్చి అంటుకునేవాడు. ఆట తెలిసినవాళ్లు దీన్ని రబ్బర్ బ్యాండింగ్ అనే అంటారు. మనం వెనకబడితే ముందువాళ్లు మెల్లబడతారు, మనం ముందుకెళితే వెనకవాళ్లు వేగం పుంజుకుంటారు. ఆఖరి నిమిషం దాకా ఉత్కంఠ ఉండాలని ఆట తయారుచేసినవాళ్లు కావాలనే పెట్టిన ఏర్పాటు అది.

ఆ కోపంలో నేను చూడనిది ఒకటుంది. ఆటలోని కెరీర్ రేసుల్లో తప్పించుకోలేం గానీ, కస్టమ్ రేసు సెట్టింగుల్లో 'క్యాచ్ అప్' అని ఒక స్విచ్ ఉండేది. దాన్ని ఆఫ్ చేస్తే తాడు తెగిపోతుంది. తొండి అని ఏడాది పాటు తిట్టుకున్నాను. మెనూలో ఒక వరస కిందికి వెళ్లి చూస్తే సరిపోయేది.

గ్రాన్ టురిస్మో 7లోనూ వెనకబడిన బండికి ఊతమిచ్చే 'బూస్ట్' ఉంది. ఆఫ్, వీక్, స్ట్రాంగ్ అని మూడు రకాలు. ముందుకారు వెనక గాలి మరుగున దూసుకెళ్లే స్లిప్‌స్ట్రీమ్ బలాన్నీ విడిగా మార్చుకోవచ్చు. చిన్నపిల్లలతో ఆడేటప్పుడు బూస్ట్ పెట్టడం తప్పేం కాదు. పెట్టామన్న సంగతి మర్చిపోయి తిట్టుకోవడమే తప్పు.

ఇటలీకి చెందిన కూనోస్ సిములాత్సియోని వాళ్ల ఆట అసెట్టో కోర్సా దీనికి పూర్తి వ్యతిరేకం. అందులో కంప్యూటర్ నడిపే కారుకీ మన కారుకీ ఒకటే భౌతికశాస్త్రం. అదే పట్టు, అదే బరువు. అందుకే ప్రత్యర్థుల సంఖ్య పెంచేకొద్దీ పీసీ ప్రాసెసర్ మీద భారం పడుతుంది. ఒక్కో కారు లెక్కనూ విడివిడిగా కట్టాలి కదా.

అపోహ: స్థాయి పెంచితే కంప్యూటర్‌కి తెలివి పెరుగుతుంది

చాలా ఆటల్లో స్థాయితోపాటు ముఖ్యంగా మారేది వేగం. బ్రేకు కాస్త ఆలస్యంగా వేస్తారు, మలుపులోంచి కాస్త ముందే యాక్సిలరేటర్ తొక్కుతారు. ఎత్తులు, పైఎత్తులు, లోపలివైపు చూపించి బయటివైపు నుంచి దాటడం లాంటివి దాంతోపాటు వచ్చేయవు.

పైగా స్థాయి ఒక్కటే బలం కాదు. మావాడే మర్నాడు ఇంకో రేసు పెట్టి ప్రొఫెషనల్ స్థాయివాళ్లను అర నిమిషం తేడాతో ఓడించాడు. ఇల్లంతా ఒకటే గోల. వెళ్లి చూస్తే వాడి కారుకి రేసింగ్ సాఫ్ట్ టైర్లు, పాపం మిగతావాళ్లకి కంఫర్ట్ టైర్లు! గ్రాన్ టురిస్మో 7లో పొడి రోడ్డుకి కంఫర్ట్, స్పోర్ట్స్, రేసింగ్ అని మూడు తరగతుల టైర్లున్నాయి. ఒక్కోదాంట్లో హార్డ్, మీడియం, సాఫ్ట్. బూట్లేసుకున్నవాడు చెప్పుల్లేనివాళ్లతో ముళ్లదారిలో పరుగుపందెం పెట్టుకున్నట్టుంది. అక్కడ స్థాయి బిగినర్ అయితేనేం, ప్రొఫెషనల్ అయితేనేం.

మనకి తగిన స్థాయి కనిపెట్టడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. ముందు ఒంటరిగా నాలుగైదు చుట్లు తిరిగి మన మామూలు టైము చూసుకోవాలి. మన గొప్ప టైము కాదు, మామూలుది. ఆ తర్వాత ఒక చిన్న రేసులో కంప్యూటర్ల టైములు చూడాలి. రెంటికీ మధ్య అర సెకనులోపు తేడా ఉంటే అదే మన స్థాయి. ఎఫ్1 ఆటల్లో స్థాయి 0 నుంచి 110 దాకా అంకెల్లోనే ఉంటుంది గనక ఇది ఇంకా తేలిక. అయితే ఒక ట్రాకులో కుదిరిన అంకె ఇంకోదాంట్లో కుదరదు. మనకి చేతకాని మలుపులు ఒక్కో ట్రాకులో ఒక్కోచోట ఉంటాయి, కంప్యూటర్‌కీ అంతే.

అందరికీ ఒకటే స్థాయి ఇస్తే మరో చిక్కు. ఎవరూ ఎవరినీ దాటరు, గూడ్సు బండిలా వరసకట్టి పోతారు. అసెట్టో కోర్సాకి చాలామంది వాడే కంటెంట్ మేనేజర్ అనే ప్రోగ్రాములో ఒక్కో ప్రత్యర్థికీ వేరే బలం ఇవ్వొచ్చు. ఒకడికి 98, ఇంకొకడికి 95, మరొకడికి 91. బలమైనవాణ్ని వెనక నిలబెట్టి మొదలుపెడితే మన ప్రమేయం లేకుండానే వాళ్లలో వాళ్లు కొట్టుకుంటారు.

అపోహ: అందరికీ ఒకే కారు ఇస్తేనే న్యాయమైన రేసు

న్యాయమే, కాదనను. కానీ చప్పగా ఉంటుంది. ఒక కారు నేరు రోడ్డు మీద బలం, ఇంకోటి మలుపుల్లో చురుకు అయితేనే ఒకళ్లనొకళ్లు దాటుకోవడానికి వీలు. గ్రాన్ టురిస్మోలో కారు సత్తాని పీపీ అనే అంకెలో చెబుతారు. దగ్గర దగ్గర పీపీ ఉన్న వేరువేరు కార్లను ఏరుకుంటే సరి. మన గ్యారేజీలో మనం ముస్తాబు చేసుకున్న కార్లనే ప్రత్యర్థులకి ఇచ్చే వీలుంది. పీపీ సమానమైతే ప్రతి ట్రాకులోనూ సమానమే అనుకోకండి. మోంజాలో ఎగిరిపడే కారు సుకుబాలో ఉసూరుమంటుంది.

అపోహ: కంప్యూటర్ కావాలనే గుద్దుతుంది

పగేం లేదు దానికి. అసెట్టో కోర్సాలో ఆటతో వచ్చే ప్రతి ట్రాకు ఫోల్డర్లోనూ ఒక ఫైలు ఉంటుంది, పేరు ఫాస్ట్‌లేన్. ఏ దారిలో వెళ్లాలో అందులో గీత గీసి ఉంటుంది. కంప్యూటర్ కారుకి ఆ గీతే పట్టాలు. మనం మలుపులో ఆ గీత మీద అనుకోకుండా బ్రేకు వేశామో, వెనక నుంచి వచ్చి తగులుతుంది. మలుపు లోపలివైపు ఒక కారు పట్టేంత చోటు వదిలి చూడండి, గుద్దుళ్లు సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. ఈ ఆటలో బలానికీ దూకుడుకీ విడివిడి స్లైడర్లున్నాయి. గుద్దుళ్లు ఎక్కువైతే బలాన్ని ముట్టుకోకుండా దూకుడు ఒక్కటే తగ్గించండి.

2011 నుంచి 2013 దాకా ఫార్ములా వన్ రేసులు జరిగిన మన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌ని అసెట్టో కోర్సాలో అభిమానులు చేసిన మోడ్‌గా దించుకుని ఆడేవాళ్లున్నారు. ఇలాంటి మోడ్ ట్రాకుల్లో ఆ గీత ఫైలు లేకపోతే కంప్యూటర్ కార్లు రేసు చేయలేవు. గీత సరిగా గీయకపోతే గోడల్ని వెతుక్కుంటూ పోతాయి. తప్పు ఆటదీ కాదు, మనదీ కాదు, ఆ ఫైలుది.

అపోహ: నేను ఆడేకొద్దీ అది నన్ను చూసి నేర్చుకుంటుంది

ఈ నమ్మకం గాల్లోంచి పుట్టింది కాదు. 2005లో వచ్చిన మొదటి ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌లోనే 'డ్రైవటార్' అని ఒకటి పెట్టారు. మనం నడిపే తీరు చూసి మనలా నడిపే బొమ్మ డ్రైవరు. మైక్రోసాఫ్ట్ కేంబ్రిడ్జి పరిశోధనశాలలో పుట్టిన ఆలోచన. 2013లో ఫోర్జా 5 నాటికి అది క్లౌడ్‌కెక్కింది. మనం నిద్రపోతుంటే మన డ్రైవటార్ స్నేహితుడి ఇంట్లో రేసు చేసేది. మన చెడ్డ అలవాట్లతో సహా.

అయితే అన్ని ఆటలూ ఫోర్జాలు కావు. ఎక్కువ ఆటల్లో ప్రత్యర్థి నిన్న ఎంత తెలిసినవాడో రేపూ అంతే. మనం నేర్చుకుంటాం, వాడు నేర్చుకోడు. అందుకే నెల తిరిగేసరికి వాడు తేలిగ్గా దొరుకుతాడు.

సోనీ ఏఐ తయారుచేసిన 'సోఫీ' అనే కంప్యూటర్ డ్రైవరు సంగతి వేరే. తప్పొప్పులకి మార్కులిస్తూ నేర్పే డీప్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్‌తో దాన్ని తయారుచేశారు. మొదటి కొన్ని గంటల్లో ట్రాకు చుట్టి రావడం వచ్చింది. ఒకటి రెండు రోజుల్లో నూటికి తొంభై అయిదు మంది ఆటగాళ్లను మించింది. ఆపైన టైము ఇక మెరుగుపడదనే దాకా మరో తొమ్మిది రోజులపైనే సాధన చేసింది. మొత్తం కలిపి 45,000 గంటలకు పైగా డ్రైవింగు. 2021 జులైలో గ్రాన్ టురిస్మో స్పోర్ట్‌లో ప్రపంచస్థాయి ఆటగాళ్లు నలుగురితో జరిగిన జట్టు పోటీలో 70-86 పాయింట్లతో ఓడింది. అక్టోబర్‌లో మళ్లీ తలపడి 104-52తో గెలిచింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో 'నేచర్' పత్రిక ఈ పరిశోధనను ప్రచురించింది.

నాకు అందులో బాగా నచ్చింది దాని వేగం కాదు. వేగం నేర్పడం కన్నా మర్యాద నేర్పడం కష్టమైంది వాళ్లకి. గుద్దితే మార్కులు కోయకపోతే అందరినీ గెంటేసుకుంటూ పోయేది, మరీ ఎక్కువ కోస్తే బెదిరిపోయి దారిచ్చేసేది. 2023 నవంబర్‌లో గ్రాన్ టురిస్మో 7 క్విక్ రేసుల్లోకి వచ్చిన సోఫీ కూడా చదువు ముగించుకుని వచ్చినదే, మన హాల్లో మనల్ని చూసి నేర్చుకోదు.

అపోహ: టైర్ల అరుగుదల, పెట్రోలు లెక్కలు ఆరితేరినవాళ్లకే

నన్నడిగితే కొత్తవాళ్లే ముందు పెట్టుకోవాలి. అసలు వేగంతో అరగనిస్తే పది ల్యాపుల్లో ఏమీ తెలియదు. అరుగుదలని కొన్ని రెట్లు పెంచితే పది ల్యాపుల్లోనే గంటల రేసు రుచి తగులుతుంది. టైరు జారుతుంటే ఇప్పుడే పిట్‌లోకి వెళ్లాలా, ఇంకో రెండు చుట్లు ఓర్చుకోవాలా? గ్రాన్ టురిస్మో 7లో ఇంధనం వాడకాన్ని రేసు మధ్యలోనే 1 నుంచి 6 దాకా మార్చుకోవచ్చు. ముందుకారు వెనక నక్కి పెట్రోలు మిగుల్చుకుని ఆఖర్లో దాటడం, ఒట్టి వేగంతో గెలవడం కన్నా ఎక్కువ తృప్తినిచ్చింది నాకు.

మావాడు ఊరెళ్లే ముందురోజు రాత్రి ఇద్దరం కలిసి ఒక రేసు పెట్టాం. సుజుకా, పన్నెండు కార్లు, పది ల్యాపులు, అందరికీ ఒకే రకం టైర్లు, అరుగుదల అయిదు రెట్లు, బూస్ట్ ఆఫ్. వాడు ఎనిమిదో స్థానం నుంచి మొదలుపెట్టి, పిట్‌కి ఒక చుట్టు ఆలస్యంగా వెళ్లి, మూడో స్థానంలో ముగించాడు. ఈసారి కంట్రోలర్ ఎగరలేదు. "ఒక్క చుట్టు ముందెళ్లాల్సింది మావయ్యా" అన్నాడంతే.

మీకూ ఎప్పుడైనా తొండి అనిపిస్తే, తిట్టే ముందు ఆ రేసు సెట్టింగుల పేజీ ఒక్కసారి తెరవండి. మొదట టైర్లు చూడండి.