పేలాల యంత్రము – ఎంపిక

పేలాలు మనకు క్రొత్తవి కావు. తొలి ఏకాదశినాడు జొన్నపేలాలను విసరి, బెల్లము కలిపి పేలపిండి చేసికొనుట తెలుగునాట పలుచోట్ల ఆచారము. కాగిన ఇసుకలో గింజలు పోసి, కలియబెట్టి, జల్లించి పేలాలు తీయుట మన పెద్దలెరిగిన పనియే. ఇప్పుడు మొక్కజొన్న పేలాలను ఇంటిలోనే సిద్ధపరచు చిన్న విద్యుద్యంత్రములు దొరకుచున్నవి. అమీర్‌పేట, పంజాగుట్టల దుకాణములలో వానిని చూచినవారికి ఏ రకము కొనవలెనన్న సందేహము కలుగుట సహజము. సమాధానమును యంత్రములో కంటె ముందు గింజలో వెదకవలెను.

పేలాలకు పనికివచ్చు మొక్కజొన్న వేరొక జాతి. దాని పైపొట్టు మిక్కిలి గట్టిది. లోపల పిండిపదార్థముతోపాటు నూటికి సుమారు 14 పాళ్లు తేమ యుండును. వేడి 180 సెంటిగ్రేడు డిగ్రీలకు చేరునప్పటికి ఆ తేమ ఆవిరియై, బయటి గాలి ఒత్తిడికి దాదాపు తొమ్మిది రెట్లు ఒత్తిడి కలిగించును. అప్పుడు పొట్టు పగిలి, మెత్తబడిన పిండి ఒక్కసారిగా పొంగి, పువ్వువలె విచ్చుకొనును. వేడి మందముగా తగిలినచో ఆవిరి మెల్లగా జారిపోయి గింజ పేలదు. ఒకేవైపు తగిలినచో మాడును. కనుక అన్నివైపుల సమముగా, త్వరితముగా వేడినందించునదే మంచి యంత్రము. మన ఇసుకమూకుడు చేసిన పనియు అదియే.

ఇండ్లలో వాడు యంత్రములు ముఖ్యముగా రెండు విధములు. మొదటిది నూనెతో వేయించునది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనమున చార్లెస్ క్రెటర్స్ చూపిన ఆవిరియంత్రము ఈ జాతికి ప్రసిద్ధమైన పూర్వరూపము. ఇందులో రుచి హెచ్చు, ఉప్పుకారములు చక్కగా అంటును. కాని జిడ్డు కడుగుట ఒక పని. గిన్నె విడదీయుటకు వీలున్నదే కొనవలెను. రెండవది వేడిగాలితో పేల్చునది. 1978లో అమెరికాలో ప్రెస్టో సంస్థ దీనిని ఇండ్లకు అందించినది. దీనికి నూనె అక్కరలేదు. రెండుమూడు నిమిషములలో పని ముగియును. అయితే పొడి పేలాలకు ఉప్పు అంటదు. పిమ్మట కొంచెము నేయి కలుపుకొనవలెను. యంత్రములోనే వెన్న, పంచదార వేయరాదు. జొన్నలు చిన్నవి, తేలికవి యగుటచే గాలివిసురుకు పేలకముందే బయటపడవచ్చును. పేలపిండికై కొనువారు ఈ సంగతి గమనింపవలెను.

విద్యుత్తు విషయము ముఖ్యమైనది. 1200 వాట్ల యంత్రము 230 వోల్టులవద్ద 5.2 ఆంపియర్ల విద్యుత్తు లాగును. మూడు నిమిషములకు 0.06 యూనిటు మాత్రమే కాలును గనుక ఖర్చు స్వల్పము, భయము ప్లగ్గుతోనే. పాత ఇండ్లలోని 5 ఆంపియర్ల ప్లగ్గుకు ఇది మించిన భారము. అమీర్‌పేటలో చదువుకై వచ్చి హాస్టళ్లలో నుండు విద్యార్థులు ఒకే పొడిగింపు పెట్టెకు ఇస్త్రీపెట్టె, నీటికెటిలు, ఈ యంత్రము కలిపి తగిలించినచో తీగ కాలి నిప్పు పుట్టవచ్చును. 15 లేక 16 ఆంపియర్ల ప్లగ్గున్నచోటనే, ఒంటరిగా వాడవలెను. కొనునపుడు ఐ.ఎస్.ఐ. గుర్తు, వాట్ల సంఖ్య, మరమ్మతు వసతి విచారింపుడు.

పేలాలు సరిగా రానపుడు యంత్రమునే నిందింతుము. తరచు దోషము ఎండిపోయిన గింజది. అరకిలో గింజలను గాలి చొరని సీసాలో పోసి, ఒక పెద్దచెంచాడు నీరు చల్లి కుదిపి, రెండుమూడు రోజులుంచినచో అవి మరల పేలును.

ఏ యంత్రము వాడినను, నాలుగేండ్లు నిండని పిల్లలకు పేలాలు పెట్టరాదు. గొంతున అడ్డుపడి ఊపిరి ఆగు ప్రమాదము కలదు.

నెలకొకసారి మాత్రమే తినువారికి అసలు యంత్రమే అక్కరలేదు. అడుగు మందమైన గిన్నెలో మూడు వంతుల గింజలకు ఒక వంతు నూనె వేసి, మూత కొంచెము ఓరగా పెట్టిన చాలును. కుక్కరు వాడువారు రబ్బరు వలయమును, బరువును తీసివేసి మూతను ఊరక కప్పవలెనే గాని బిగింపరాదు. వారమునకు రెండుమార్లు పిల్లలడుగు ఇంటిలో, నూనె తగ్గింపదలచినచో వేడిగాలి యంత్రము, రుచి ప్రధానమైనచో నూనె యంత్రము మేలు. ధరను చూచుటకు ముందు మీ వంటింటి ప్లగ్గును చూడుడు. యంత్రమును ఎంచుటకు ముందు గింజను ఎంచుడు.