ఒకే తిట్టు, రెండు చట్టాలు

వాడలో ఒక మాదిగ కుటుంబం చర్చికి పోతున్నదనుకుందాం. వాళ్ల ప్రార్థనను ఎవడో ఫోన్‌లో తీసి, కులాన్నీ మతాన్నీ కలిపి తిట్టి నెట్‌లో పెట్టాడు. తిట్టినవాడి నోట్లో కులమూ మతమూ ఒకటే ముద్ద. చట్టం దగ్గరికి పోయేసరికి అది రెండు ముక్కలవుతుంది. ఎట్లాగో చూద్దాం.

మతద్వేషం రెచ్చగొట్టడం పాత శిక్షాస్మృతిలో 153ఎ, 295ఎ సెక్షన్ల కింద నేరం. 2024 జూలై 1 నుంచి అవి భారతీయ న్యాయ సంహితలో 196, 299 సెక్షన్లయ్యాయి. మామూలుగా మూడేళ్ల దాకా జైలు. నెట్‌లో రాతలకూ వర్తిస్తాయి. ఫిర్యాదు లేకున్నా కేసులు పెట్టమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. బాగానే వుంది. కానీ ప్రభుత్వం ముందుగా అనుమతిస్తే తప్ప కోర్టు ఆ కేసును విచారణకు తీసుకోదు. తాళంచెవి రాజ్యం చేతిలోనే వుందన్నమాట.

పోస్టును తీసేయించే అధికారం ఐటీ చట్టం 69ఎ సెక్షన్ కేంద్రానికిచ్చింది. అందులో చెప్పిన కారణాలు దేశ భద్రత, శాంతిభద్రతల వంటివి. మనిషి గౌరవం ఆ జాబితాలో లేదు. పైగా 2009 నిబంధనల ప్రకారం ఆ వ్యవహారమంతా రహస్యం. ఎవరి ద్వేషం ఆగిందో, ఎవరి నిరసన ఆగిందో అడిగేదెట్లా?

ఇక కులం. 1989 అత్యాచారాల నిరోధక చట్టానికి తెచ్చిన 2015 సవరణ, ఎస్సీ ఎస్టీలపై ద్వేషం రెచ్చగొట్టే మాటనూ రాతనూ బొమ్మనూ నేరం చేసింది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. ముందస్తు బెయిలుకు అడ్డు వుంది. ప్రత్యేక కోర్టు వుంది. బాధితులకు పరిహారం వుంది. మనం కొట్లాడి తెచ్చుకున్న చట్టమిది.

అయితే మన ఉదాహరణలోని కుటుంబానికి ఇది అందదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులే ఎస్సీలు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులనూ ముస్లింలనూ చేర్చలేదు. క్రైస్తవంలోకి పోయినవాళ్లకు ఈ చట్టం వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. మతం మారితే కులం పోయిందని చట్టం అంటుంది. తిట్టేవాడు మాత్రం ఆ మాట ఒప్పుకోడు గదా!

ప్రభుత్వానికి ఇంకా అధికారాలివ్వడం ఇందుకు మందు కాదని మేం అనుకుంటున్నాం. మతద్వేషం కేసుల్లో ప్రభుత్వ అనుమతి షరతు పోవాలి. నెట్‌లో నిషేధాల ఉత్తర్వులు బయటపెట్టాలి. అన్నిటికంటే ముందు, దళితుణ్ణి మతం పేరుతో రెండుగా కోసే 1950 గీత చెరగాలి.