పనికి ముందే వెల తెలుపవలెనా?



రెండేండ్ల క్రిందట, వర్షములకు ముందు, నాతవరమున మా యింటి పెంకులు సర్దించుటకు మేస్త్రీ నొకని పిలిచి, ఎంతయగునని యడిగితిని. "మీతో బేరమేటి మాస్టారూ, పని చూసి ఇద్దురుగాని" అనెను. ఆ మర్యాదకు లొంగి యూరకుంటిని. మూడవనాడతడు చెప్పిన మొత్తము విని ఇరువురము కోపగించుకొంటిమి. పిదప ఆఱునెలలు వీధిలో నెదురుపడినను పలుకరించుకొనలేదు.

ఇప్పుడు విశాఖపట్టణము, హైదరాబాదు వంటిచోట్ల కుళాయిలు, దీపములు, రంగులు మున్నగు ఇంటిపనులు పట్టు గుత్తదారులు వెబ్‌సైటులు పెట్టుకొనుచున్నారు. కొందఱందు వెలలు వ్రాయుదురు. కొందఱు ఫోను చేయుడని మాత్రమే వ్రాయుదురు. వ్రాయనివారి వాదము త్రోసివేయదగినది కాదు. గోడలోని తేమ ఎచ్చటినుండి వచ్చుచున్నదో త్రవ్వక చెప్పుట యెట్లు?

ఈ తగవు నేటిది కాదు. కూలి ముందుగా మాటాడుకొననిచో సేద్యగాడు పంటలో, పసులకాపరి నేతిలో పదియవపాలు పొందవలెనని కౌటిలీయార్థశాస్త్రము విధించినది. శిల్పులకు, వైద్యులకు మాత్రము అట్టి లెక్క కట్టలేదు. అట్టి పనివారితరు లెంత పుచ్చుకొందురో అంత, లేదా నిపుణులు నిర్ణయించినంత యనినది. పనిని బట్టి వెల మాఱునని యా శాస్త్రకారు డెఱుగును. అయినను కొలమానము లేకుండ విడువలేదు.

నా మతమును ఇదియే. మొత్తము చెప్పలేకపోవచ్చును, దర చెప్పవచ్చును. ప్రభుత్వపు ఇంజనీర్లు సైతము కట్టుబడికి ఘనమీటరునకింత యని ధరల పట్టిక ముందుగా ప్రకటించి, కొలిచిన పిదపనే మొత్తము కట్టుదురు. కుళాయి మార్చుటకు, పంకా బిగించుటకు ఒకే వెల వ్రాయవచ్చును. రంగునకు చదరపుటడుగు లెక్క చాలును. లోపలి సంగతి తెలియని పనికి వచ్చి చూచినందులకెంత, దినకూలి యెంత, సామాను ఎవరిదను మూడు మాటలు వ్రాసిన చాలును. అంతర్జాలముననే బేరము ముగించి సేవ నమ్ము సంస్థలు మొత్తపు వెలను, దాని విభాగములను చూపవలెనని 2020 నాటి వినియోగదారుల రక్షణ నిబంధనలు చెప్పుచున్నవి. కేవలము పేరు, ఫోను నంబరు ప్రకటించుకొను మేస్త్రీ సంగతి వేఱు.

వెల వ్రాసినచో పోటీవాడు చూచి రూపాయి తగ్గించునని కొందఱి భయము. తగ్గించును గాక! వ్రాయనిచోట జరుగునది యేమన, ఇంటివాని పంచె యంచును, అరుగు వెడల్పును చూచి వెల పుట్టుచున్నది. పిల్లలు దూరదేశముల నుండగా ఒంటరిగానున్న ముసలివారి కిది మఱింత కీడు. పనివానికిని మేలు లేదు. పని ముగిసినపిదప బేరమాడి సగమే చేతబెట్టువారు మనలోను కలరు.

ఈయేడు ఆ మేస్త్రీనే మరల పిలిచితిని. పాత పంచాంగపుటట్టపై దినకూలి యింత, పగిలిన పెంకుల వెల వేఱు అని ముందుగా వ్రాసికొంటిమి. రెండుదినములలో పని ముగించి, కాఫీ పుచ్చుకొని వెడలెను. అట్ట నా పెట్టెలోనున్నది.