రన్‌వే చుట్టూ గడ్డిని గడ్డిగానే ఉంచాలి

విమానాలు దిగడం మానేసిన రన్‌వేని ఏం చేయాలన్న ప్రశ్నకు జర్మనీలో ఒక మంచి జవాబు దొరుకుతుంది. ఫ్రాంక్‌ఫర్ట్ శివార్లలోని బోనామెస్‌లో అమెరికా సైన్యం వాడిన చిన్న విమాన మైదానం 1992లో మూతపడింది. 2004 నాటికి దాన్ని జనం తిరిగే పచ్చికబయలుగా మార్చారు. కాంక్రీటునంతా పెళ్లగించి లారీలకెత్తలేదు. కొంత భాగాన్ని నడకకూ సైకిళ్లకూ ఉంచి, మిగతాదాన్ని ఒకచోట పెద్ద పలకలుగా, ఇంకోచోట చిన్న ముక్కలుగా పగలగొట్టి అక్కడే వదిలేశారు. ముక్కల సైజును బట్టి సందుల్లో మొలిచిన మొక్కలూ మారాయి.

బెర్లిన్‌లోని టెంపెల్‌హోఫ్ ఇంకా పెద్దది, సుమారు 300 హెక్టార్లు. 2008లో విమానాలు ఆగాయి, 2010లో జనానికి గేట్లు తెరిచారు. అందులో ఇళ్లు కడతామంటే 2014లో నగర ఓటర్లు వద్దన్నారు. నేల మీద గూడు కట్టే భరతపక్షుల కోసం అక్కడ కొంత మేర కంచె కట్టి, గుడ్లు పెట్టే కాలంలో మనుషులను రానివ్వరు.

ఆ పక్షులు అక్కడికే ఎందుకు చేరాయి? విమానాల భద్రత కోసం రన్‌వే చుట్టూ చెట్లు పెరగనివ్వరు. దున్నరు, ఎరువు చల్లరు, పశువులను రానివ్వరు. గడ్డిని మాత్రం కోస్తూ ఉంటారు. దశాబ్దాల పాటు ఇలా ఉంచితే ఎవరూ తలపెట్టకుండానే గడ్డిభూమి తయారవుతుంది. మన తీతువు, కౌజు, పూరేడు కూడా నేల మీదే గుడ్లు పెడతాయి. వాటికీ కావలసింది ఇలాంటి చోటే.

మన దగ్గర ఖాళీ నేల కనబడితే మొక్కలు నాటేద్దామంటారు. కొన్నిచోట్ల అది సరైన పనే. మదనపల్లె దగ్గర జిడ్డు కృష్ణమూర్తి స్థాపించిన రిషి వ్యాలీ పాఠశాల చుట్టూ బోసిపోయిన గుట్టలను కాపాడి, మొక్కలు పెంచి, మళ్లీ పచ్చగా చేశారు. 1990ల మొదట్లో ఆ లోయను పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. దక్షిణ భారత గుట్టల్లో తప్ప మరెక్కడా లేని పసుపు గొంతు పికిలిపిట్ట అక్కడ కనిపిస్తుంది. అది పొదల పిట్ట. గడ్డి పిట్టల సంగతి వేరు. చెట్లు గుబురుగా పెరిగితే అవి ఆ చోటు వదిలి వెళ్లిపోతాయి.

అలాగని కంచె వేసి చేతులు దులుపుకుంటే సరిపోదని రోళ్లపాడు చెబుతోంది. నంద్యాల ప్రాంతంలోని ఆ గడ్డిభూమిని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. విస్తీర్ణం 614 హెక్టార్లే. మేతను ఆపి రక్షణ పెంచాక కృష్ణజింకలు బాగా పెరిగి చుట్టుపక్కల పంటల మీద పడ్డాయి. తరతరాలుగా ఆ బీళ్లలో గొర్రెలు మేపుకున్నవాళ్లకు దారి మూసుకుపోయింది, రైతుకు పంట పోయింది. ఊరివాళ్లకు ఆ పిట్ట మీద కోపం రావడంలో వింతేముంది? ఆ పిట్ట ఇప్పుడక్కడ దాదాపు కనుమరుగైంది. కారణాలు ఇంకా ఉన్నాయి గానీ, ఊరిని పక్కనపెట్టి గడ్డిని కాపాడాలనుకోవడం పెద్ద పొరపాటని నా నమ్మకం. ఏ నెలల్లో మేపాలో, ఎక్కడ మేపకూడదో గొర్రెల కాపరులతో కూర్చునే తేల్చుకోవాలి.

ఇక మన దగ్గర వాడని రన్‌వే ప్రైవేటు భూమిలో ఉంటే? దానికి చట్టంలో దారి ఉంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2002లో చేసిన సవరణ ప్రకారం, యజమాని తనంతట తాను ముందుకొస్తే రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని కమ్యూనిటీ రిజర్వుగా ప్రకటించవచ్చు. నిర్వహణను ఒక కమిటీ చూసుకుంటుంది. ఒకసారి ప్రకటించాక కమిటీ తీర్మానం, ప్రభుత్వ ఆమోదం లేకుండా ఆ భూమిని వేరే పనికి మళ్లించడం కుదరదు. ఎకరా ధర చూసి రేపు వారసులు ప్లాట్లు వేద్దామనుకున్నా ఈ నిబంధన అడ్డుపడుతుంది.