పాత డిస్కులోని సంఘము లెక్కలు తీసికొనుట ఎట్లు?

గత వానకాలములో ఒకనాటి ఉదయము మా సంఘము ఆఫీసు కంప్యూటరు మీట ఎన్నిసార్లు నొక్కినను వెలుగలేదు. అది 2008లో కొన్నది. సభ్యుల షేరు ధనము, పొదుపు నిధి జమలు, నూలు పంపకము, కూలి చెల్లింపులు అన్నియు అందులోనే ఉన్నవి. ఆ వారములోనే, కాలము చేసిన ఒక సభ్యుని భార్య వచ్చి, తన భర్త పేర ఉన్న షేరు ధనమును, పొదుపు సొమ్మును ఇప్పించవలసినదని అర్జీ పెట్టుకొన్నది. ఆమె తెచ్చిన పాసుపుస్తకము వాన నీటిలో నాని, అంకెలు కలిసిపోయినవి. మా కాగితపు లెడ్జరు 2011తో ఆగినది. అటు తరువాతి జమలు ఎంతో చెప్పవలసినది ఆ పెట్టెయే. మరమ్మతుకు వచ్చిన మనిషి మూత విప్పి చూచి, "బోర్డు కాలిపోయినది. కొత్తది కొనుక్కోండి, పాతవి రావు" అని చెప్పి వెళ్ళిపోయినాడు.

వేరొక కాపీ తీసి ఉంచలేదా అని చదువరులు అడుగవచ్చును. ఒక పెన్ డ్రైవులో తీసి ఉంచితిమి. అది 2016 నాటిది. దానిని గూర్చి ఇంతకంటె చెప్పుకొనుటకు మాకు మొగము లేదు.

అయినను పాతవి వచ్చినవి. మన సంఘములలో ఇట్టి పాత కంప్యూటర్లు పెక్కు మూలబడి ఉన్నవి గనుక, ఎట్లు వచ్చినవో ఇక్కడ వ్రాయుచున్నాము.

మగ్గము కొయ్య విరిగినదని పడుగును పారవేయుదుమా? కర్రకు చుట్టిన పడుగును అట్లే ఎత్తి, మరియొక మగ్గమునకెక్కించి నేత సాగించెదము. కంప్యూటరులో హార్డ్ డిస్కు ఆ పడుగు వంటిది. లెక్కలన్నియు దానిలో ఉండును. బోర్డు, తెర, మీటలు మగ్గము కొయ్యల వంటివి. బోర్డు కాలినంత మాత్రమున డిస్కు చెడవలెనని లేదు. నాలుగు మరలు విప్పి దానిని బయటికి తీసి, యూఎస్‌బీ తీగతో మరొక కంప్యూటరునకు తగిలించినచో, పెన్ డ్రైవు తెరచినట్లే తెరచి చూడవచ్చును. కొన్ని కొత్త ల్యాప్‌టాపులలో మాత్రము నిలువచేయు భాగమును బోర్డుకే అతికించి ఉంతురు. వానికి ఈ ఉపాయము పనికిరాదు.

విప్పుటకు ముందు కరెంటు తీగను గోడనుండి ఊడబెరుకవలెను. డిస్కును ముట్టుకొనునపుడు ఒకసారి ఏదైన ఇనుప బీరువానో కిటికీ ఊచనో తాకి, ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదలించుకొనవలెను. డిస్కును అంచులు పట్టుకొని ఎత్తవలెనే గాని, క్రిందనున్న ఆకుపచ్చ పలకను వ్రేళ్ళతో తాకరాదు.

తరువాత అది ఏ జాతిదో చూడవలెను. మేజామీది పెద్ద కంప్యూటర్లలో ఉండునది 3.5 అంగుళములది, ల్యాప్‌టాపులలో ఉండునది 2.5 అంగుళములది. వెనుక వైపున వెడల్పయిన వరుసలో 40 పిన్నులు గుచ్చుకొని ఉన్నచో అది ఐడీఈ అను పాతరకము. ల్యాప్‌టాపు ఐడీఈ డిస్కునకు 44 పిన్నులుండును. పిన్నులు పైకి కనబడక, పలుచని నాలుక వంటివి రెండు ప్రక్కప్రక్కన ఉన్నచో అది సాటా. సాటాలో చిన్న నాలుక సమాచారమునకు, పెద్దది కరెంటునకు. ఐడీఈ, సాటా రెండింటికిని పనికివచ్చు యూఎస్‌బీ అడాప్టరులు బజారులో దొరకును. సంఘమున కొనునపుడు అట్టిదే కొనుట మేలు; మనకు ఏ కాలపు డిస్కు ఎదురగునో తెలియదు. ఐడీఈ డిస్కయినచో వెనుక చిన్న టోపీ వంటి జంపరు ఒకటి ఉండును. దానిని డిస్కుమీది చీటీలో చూపిన ప్రకారము 'మాస్టర్' స్థానములో ఉంచవలెను. ఎమ్.2 అను పలుచని కొత్త పలకలకు వేరే తొడుగులున్నవి. అందులోను సాటా, ఎన్‌వీఎమ్‌ఈ అని రెండు రకములు గనుక, డిస్కును దుకాణమునకు తీసికొనిపోయి చూపించి కొనవలెను.

మేము మొదట తప్పిన చోటు కరెంటు విషయము. సన్నని సాటా తీగ ఒకటి కొని తెచ్చి, డిస్కునకు తగిలించి, రెండవ కొసను కొత్త కంప్యూటరులో పెట్టితిమి. డిస్కు కదలలేదు, తెరమీద ఏమియు రాలేదు. ఆ మరమ్మతు మనిషి చెప్పినదే నిజమనుకొని ఒక రాత్రి బాధపడితిమి. కారణము ఇది. యూఎస్‌బీ రంధ్రమునుండి వచ్చునది 5 వోల్టులు మాత్రమే. పాత యూఎస్‌బీ 2.0 రంధ్రము అర యాంపియరు, నీలిరంగు నాలుకగల యూఎస్‌బీ 3.0 రంధ్రము 0.9 యాంపియరు ఇచ్చునట్లు నిర్ణయించినారు. 2.5 అంగుళముల డిస్కు 5 వోల్టులతోనే తిరుగును గనుక దానికి సాధారణముగా ఇది చాలును. 3.5 అంగుళముల డిస్కులో చక్రమును త్రిప్పు మోటారుకు 12 వోల్టులు కావలెను; తిరుగుడు మొదలగు క్షణమున సుమారు 2 యాంపియర్ల వరకు లాగును. అది యూఎస్‌బీ నుండి ఎన్నటికిని రాదు. కావున గోడకు పెట్టు 12 వోల్టుల, 2 యాంపియర్ల అడాప్టరు కూడ ఇచ్చు రకమునే కొనవలెను. ఇంటిలోనున్న వేరొక అడాప్టరు మూతి సరిపోయినదని తగిలించరాదు. వోల్టులు హెచ్చయినను, ధన ఋణములు తారుమారైనను డిస్కులోని పలక మాడిపోవును.

తగిలించు వరుస ఇట్లుండవలెను. డిస్కును చదునైన మేజామీద, క్రింద చెక్కనో అట్టనో వేసి పెట్టవలెను. అడాప్టరును డిస్కునకు తొడిగి, 12 వోల్టుల కరెంటు ఇచ్చినచో సన్నని గిర్రుమను ధ్వనితో డిస్కు తిరుగ నారంభించును. పది క్షణములాగి యూఎస్‌బీ కొసను కంప్యూటరులో పెట్టవలెను. తిరుగుచున్న డిస్కును ఎత్తుట, జరుపుట, దానిమీద లెడ్జరు పెట్టుట కూడదు. లోపల చదువు సూది పళ్ళెమునకు వెంట్రుకవాసికంటె తక్కువ ఎత్తున తేలుచుండును.

టకటకమని ఆగి ఆగి కొట్టుకొను చప్పుడు వచ్చినచో మాత్రము వెంటనే కరెంటు తీసివేయవలెను. అది సూదికి వచ్చిన జబ్బు. మరల మరల ప్రయత్నించినకొలది లెక్కలు గీచుకొనిపోవును. అట్టి డిస్కును తెరచి మరమ్మతు చేయు ప్రత్యేక శాలలకు పంపవలసినదే. ఖర్చు బాగుగా అగును గనుక కమిటీ తీర్మానము చేసి పంపవలెను.

మా డిస్కు ఆ చప్పుడు చేయలేదు. తెరమీద కొత్త అక్షరముతో ఒక డ్రైవు కనిపించినది. సంతోషించి నొక్కగానే, "ఈ డిస్కును వాడుటకు ముందు ఫార్మాట్ చేయవలెను, చేయమందువా?" అను అర్థము వచ్చు ప్రశ్న ఇంగ్లీషులో వచ్చినది. మా గుమాస్తా వ్రేలు అప్పటికే మీటమీదికి పోయినది! ఫార్మాట్ అనగా పలక తుడిచివేయుట. ఈ ప్రశ్నకు ఎల్లపుడును 'క్యాన్సిల్' అనియే జవాబీయవలెను. 'ఇనీషియలైజ్ చేయమందువా' అని అడిగినను అంతే. అట్టి ప్రశ్న పలు కారణములచే వచ్చును. కరెంటు చాలకపోవచ్చును, తీగ వదులు కావచ్చును, లేక విండోస్ చదువలేని లినక్సు పద్ధతిలో ఆ డిస్కు ఉండవచ్చును. మాకు తీగ వదులు. దానిని గట్టిగా తొడిగి, వేరొక రంధ్రములో పెట్టగా ఫోల్డరులన్నియు కనబడినవి. అసలు డ్రైవే కనిపించనిచో 'డిస్క్ మేనేజ్‌మెంట్' తెరచి చూడవలెను. అక్కడ డిస్కు ఉండి, దానికి అక్షరము లేకపోయినచో అక్షరము నిచ్చిన చాలును.

ఇక ఏవి తీసికొనవలెనన్నది ముఖ్యము. విండోస్ ఎక్స్‌పీ నాటి కాగితములు 'డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్' లోను, తరువాతివి 'యూజర్స్' లోను ఉండును. తెరువబోగా అనుమతి లేదని చెప్పి 'కంటిన్యూ' అని అడిగినచో నొక్కవచ్చును, కొంతసేపు పట్టును. బిట్‌లాకర్ తాళము వేసిన డిస్కయినచో 48 అంకెల తాళపు సంఖ్య లేక తెరచుకొనదు. ట్యాలీ లెక్కలు 'డేటా' ఫోల్డరులో 10000 వంటి అంకెల పేర్లతో ఉండును. ఆ ఫోల్డరును మొత్తముగా తీసికొనవలెను, లోపలివి ఏరరాదు.

మన భాషలో మినిట్సు వ్రాసికొను సంఘములకు మరొక మాట. 2010కి ముందు మనవారు చాలవరకు అను, శ్రీలిపి వంటి ఫాంటులలో టైపు చేసినారు. ఆ ఫైళ్ళను మాత్రమే తెచ్చి కొత్త కంప్యూటరులో తెరచినచో, తెలుగునకు బదులు ఇంగ్లీషు గుర్తుల గందరగోళము కనబడును. చెడినవని పారవేయకుడు. పాత డిస్కులో 'విండోస్' లోపలి 'ఫాంట్స్' ఫోల్డరును గూడ తెచ్చుకొని, ఆ ఫాంటును ఎక్కించినచో మరల తెలుగు కనబడును. మరాఠీ, తమిళము, ఒడియా, కన్నడములలో వ్రాసిన అర్జీలకును ఇదే దారి.

జాకార్డు డిజైనుల విషయములో ఇంకను జాగ్రత్త వలయును. షోలాపురము చాదరు పువ్వయినను, బరంపురపు పట్టుచీర కుంభపు అంచయినను, కంప్యూటరులో గీసినపుడు ఒక్కొక్క చుక్క ఒక్కొక్క పడుగు పోగునకు, పేకకు లెక్క. ఇవి చాలవరకు బీఎమ్‌పీ ఫైళ్ళుగా ఉండును. చోటు కలిసివచ్చునని వానిని జేపీజీగా మార్చి దాచరాదు. జేపీజీ అంచుల దగ్గర లేని రంగులను చేర్చును. దానినుండి అట్టలు కొట్టించినచో నేతలో పోగులు తప్పును.

కాపీ ముగిసిన పిదప పాత ఫోల్డరు, కొత్త ఫోల్డరు రెండింటిమీదను 'ప్రాపర్టీస్' నొక్కి ఫైళ్ళ సంఖ్యను, పరిమాణమును సరిచూడవలెను. తరువాత 'సేఫ్లీ రిమూవ్' చేసి, యూఎస్‌బీ తీసి, కరెంటు ఆపి, చక్రము పూర్తిగా నిలిచినదాక డిస్కును కదపకుండ ఉంచవలెను. ఈ పర్యాయము మేము రెండు కాపీలు తీసితిమి. ఒకటి అధ్యక్షులవారి ఇంట ఉన్నది.

ఆ తల్లికి చెల్లవలసిన సొమ్ము రూపాయి తేడా లేక లెక్క తేలినది. తరువాతి కమిటీ సమావేశములో మంజూరు చేసి చెక్కు ఇచ్చితిమి.

ఆ అడాప్టరు మా ఆఫీసులో ఉన్నది. కావలసిన పొరుగు సంఘములవారు రసీదు వ్రాసియిచ్చి వారము దినములకు తీసికొనిపోవచ్చును. తిరిగి ఇచ్చునపుడు 12 వోల్టుల ముక్కను మాత్రము మరచి రాకుడని ప్రార్థన.