పొత్తులు – యుద్ధములు

శ్రీరామనవమినాడు భద్రాచలమున సీతారాముల కల్యాణమునకు ప్రభుత్వమువారు పట్టువస్త్రములను, ముత్యాల తలంబ్రాలను సమర్పించుట సోదరీమణు లెల్లరు నెఱిగినదే. ఈ యాచారము గోలకొండ నేలిన తానీషా నాటినుండి వచ్చుచున్నదని పెద్దలు చెప్పుదురు. ఆ ప్రభువు రాజ్య మెట్లు నశించెనో విచారించినచో, రాజ్యముల నడుమ పగలును పొత్తులును యుద్ధమున కెట్లు దారితీయునో మనకు విశదము కాగలదు.

గోలకొండ సుల్తాను 1636వ సంవత్సరమున మొగలు చక్రవర్తి షాజహానునకు లోబడి, యేటేట కప్పము గట్ట నొప్పుకొనెను. అయినను భయము తీరలేదు. 1656లో షాజహాను కుమారుడగు ఔరంగజేబు గోలకొండను ముట్టడించెను. 1672లో అబుల్ హసన్ తానీషా సింహాసన మెక్కెను. మాదన్న యాతని ప్రధానమంత్రి. అక్కన్న మాదన్నకు సోదరుడు. నేలకొండపల్లిలో జన్మించి, పాల్వంచ తహశీలుదారై, భద్రాద్రి యాలయమును గట్టించిన కంచెర్ల గోపన్న వీరికి మేనల్లుడని ప్రసిద్ధి.

మొగలుల ధాటికి వెఱచి గోలకొండవారు తోడు వెదకిరి. 1677లో శివాజీ హైదరాబాదునకు రాగా, ఆయన దక్షిణ దండయాత్రకు సాయ మొసగి పొత్తు కుదుర్చుకొనిరి. గోలకొండకు ఇది యాత్మరక్షణము. ఔరంగజేబునకు మాత్రము ద్రోహముగా దోచెను. భయమువలన పొత్తు, పొత్తువలన ననుమానము, అనుమానమువలన మఱింత భయము పెరిగినవి.

1685లో మొగలు సేన బిజాపురమును ముట్టడించియుండగా, ఆ రాజ్యమునకు తోడ్పడెదనని తానీషా వ్రాసిన లేఖ మొగలుల చేజిక్కెను. ఆ యేడే వారి సేనలు హైదరాబాదును కొల్లగొట్టినవి. మాదన్నను దొలగింపవలెనని చక్రవర్తి పట్టుపట్టెను. 1686 మార్చిలో నా సోదరు లిరువురు గోలకొండలో హతులైరి; వారి యిండ్లు దోపిడిపోయినవి. ఆ యిండ్లలోని స్త్రీలను, పొత్తు కుదుర్చునాడు ఎవరైన నొక మాట యడిగియుందురా?

ఇంతటి బలి యిచ్చినను శాంతి లభింపలేదు. ఆ యేటనే బిజాపురము, 1687లో నెలల తరబడి ముట్టడి పిదప గోలకొండయు బడిపోయినవి. తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూసెను. గెలిచిన ఔరంగజేబునకును సుఖము లేదు. 1707లో మరణించువఱకు దక్షిణాపథమున యుద్ధములతోనే యాయన కాలము గడచినది.

ఇది పాతకాలపు ముచ్చట యనుకొనరాదు. 1914లో ఆస్ట్రియా సెర్బియాపై యుద్ధము ప్రకటించెను. సెర్బియాకు రష్యా, ఆస్ట్రియాకు జర్మనీ, రష్యాకు ఫ్రాన్సు తోడునిలువగా, జర్మనీ బెల్జియముపై బడినంతట ఇంగ్లండును రణమున దిగెను. ఇంగ్లీషువారితో నిజాము ప్రభువులకు 1798నుండి సంధి యుండెను. కావున హైదరాబాదు సంస్థానపు ఆశ్వికులు ఈజిప్టు, పాలస్తీనా దేశములకు బోవలసివచ్చెను. సెర్బియా యెక్కడ? మన తెలుగునాట నొక సైనికుని యిల్లాలి దిగు లెక్కడ?

పొత్తులే కూడవని మే మనము. బలహీనునకు తోడు కావలసినదే. కాని భయము తెచ్చిన పొత్తు ఎదుటివాని భయమునుగూడ పెంచును. అందువలన సంధి చేయునపుడే పగవానితో మాటాడు ద్వారమును తెఱచియుంచుట వివేకము. మన బిడ్డలు చరిత్ర చదువునపుడు “ఎవరు గెలిచిరి?” అని మాత్రమే కాక, “ఎవరికెవరు వెఱచిరి? ఆ వెఱపు దీర్చు దారి యే యేట మూసికొనిపోయెను?” అనియు నడుగ నేర్పుదము.